అనుబంధ చికిత్సలు: షరీఅత్ దృష్టిలో వాటి హద్దులు

కృష్ణా ప్రాంతపు అంచున, ఖమ్మం సరిహద్దుకు చేరువలో ఉన్న తిరువూరు వంటి పట్టణాలలో జబ్బుపడిన మనిషి ఒక్క వైద్యంతో సరిపెట్టుకోవడం అరుదు. ఆసుపత్రి మాత్రల పక్కనే కలౌంజీ, తేనె, పసరు మందు, దుఆ చదివి ఊదిన నీళ్ళు చేరతాయి. కొందరు హిజామా కూడా చేయించుకుంటారు. వీటిని కలిపి వాడవచ్చునా? వాడితే ఏ హద్దులలో?

అబూ దావూద్ హదీసు సంపుటంలో ఒక ఉల్లేఖనం ఉంది. హజ్రత్ సఅద్ బిన్ అబీ వఖ్ఖాస్ (రజి) వ్యాధిగ్రస్తులైనప్పుడు దైవప్రవక్త (స) పరామర్శకు వెళ్ళి, ఆయన ఎదపై చేయి ఉంచారు. తరువాత, సఖీఫ్ తెగకు చెందిన వైద్యుడు హారిస్ బిన్ కలదా వద్దకు వెళ్ళమన్నారు. మదీనా అజ్వా ఖర్జూరాలను నూరి ఆ వైద్యుడే ఇవ్వాలన్నారు. ఈ హారిస్ ఇస్లాం స్వీకరించాడా లేదా అన్న విషయంలో చరిత్రకారులకు ఏకాభిప్రాయం లేదు. అంటే పరామర్శ, ఔషధం, నిపుణుడు అన్న మూడూ ఇక్కడ ఒకచోట చేరాయి. ఔషధాన్ని నిపుణుడి చేతికే అప్పగించడం జరిగింది. అదే సంపుటంలోని మరో హదీసు ప్రకారం, వైద్యం తెలియకుండా వైద్యం చేసినవాడు జరిగిన నష్టానికి బాధ్యుడు.

ఈ జాగ్రత్త ఎందుకో వైద్యశాస్త్రం వివరిస్తుంది. తేనెలో స్వస్థత ఉందని దివ్య ఖుర్ఆన్ తెలుపుతోంది. అయినా మధుమేహ రోగి రక్తంలో అది చక్కెరను పెంచుతుంది. రక్తం గడ్డకట్టకుండా మాత్రలు వాడేవారికి హిజామా గాట్ల నుండి రక్తస్రావం ఆగకపోవచ్చు. శుద్ధి చేయని బ్లేడు ద్వారా హెపటైటిస్ సోకుతుంది. లోహాలతో చేసిన భస్మాలు మూత్రపిండాలను దెబ్బతీయగలవు. అన్నిటికన్నా పెద్ద ప్రమాదం, ఒంట్లో కాస్త తేలిక కనబడగానే అసలు మందు మానేయడం. క్షయ మందులు మధ్యలో ఆపితే వ్యాధి మొండికెత్తి, ఆ మందులకే లొంగకుండా పోతుంది.

2021 మే నెలలో నెల్లూరు జిల్లా కృష్ణపట్నంలో ఆనందయ్య ఇచ్చిన మూలికా మందు కోసం వేలాది జనం బారులు తీరారు. ఆ నెల 31న రాష్ట్ర ప్రభుత్వం కంటి చుక్కలకు కాకుండా కొన్ని మందులకు అనుమతినిచ్చింది. అయితే దానితో కోవిడ్ తగ్గుతుందనేందుకు ఆధారం లేదనీ, డాక్టర్లు రాసిన మందులు మానరాదనీ స్పష్టం చేసింది. ఆశకూ ఆధారానికీ మధ్య ఉండవలసిన గీత ఇదే.

కనుక రోగి పాటించవలసినవి కొన్ని ఉన్నాయి. తాను వాడే ప్రతి మూలికనూ డాక్టరుకు చెప్పాలి. ఆసుపత్రి మందుల సంగతి హకీముకూ దాచకూడదు. యూనానీ వైద్యం కోరేవారు పట్టా పొందిన హకీమునే ఆశ్రయించాలి. కర్నూలులో డాక్టర్ అబ్దుల్ హఖ్ యూనానీ వైద్య కళాశాల, హైదరాబాదు చార్మినార్ వద్ద నిజామియా ఆసుపత్రి ఉన్నాయి. మధుమేహం, కేన్సర్ నయం చేస్తామనే ప్రకటనలను 1954 నాటి చట్టం నిషేధించిందని గుర్తుంచుకోవాలి. షిర్క్‌కు తావులేని రుఖియా మనసుకు ఊరటనిస్తుంది. అది మాత్రకు బదులు కాదు.

స్వస్థతనిచ్చేవాడు అల్లాహ్. ఆయన కల్పించిన సాధనాలను తెలివిగా వినియోగించడం తవక్కుల్‌కు విరుద్ధం కాదు, అందులో భాగమే. ప్రాణం ఆయన అమానతు. దానిని కాపాడుకోవడం విశ్వాసి బాధ్యత.