కృష్ణా తీరాన విల్లు పట్టించిన ఇల్లు

బిడ్డలిద్దరినీ రోడ్డు ప్రమాదాలు పొట్టనపెట్టుకున్నా ఆ తండ్రి మైదానం వదల్లేదు. విజయవాడ వోల్గా ఆర్చరీ అకాడమీ కథ ఇది.

2023 అక్టోబరు మొదటి వారం. చైనాలోని హాంగ్‌జౌ ఆసియా క్రీడల్లో విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ కాంపౌండ్ ఆర్చరీలో మూడు బంగారు పతకాలు గెలిచింది. ఓజస్ దేవ్‌తలేతో కలిసి మిక్స్‌డ్ విభాగంలో కొరియాపై 159-158. మహిళల జట్టు ఫైనల్లో చైనీస్ తైపీపై 230-229. వ్యక్తిగత ఫైనల్లో 149-145. రెండు స్వర్ణాలకు తేడా ఒక్కో పాయింటే! అవే క్రీడల్లో మరో విజయవాడ విలుకాడు బొమ్మదేవర ధీరజ్ పురుషుల రికర్వ్ జట్టులో రజతం అందుకున్నాడు. ఈ ఇద్దరూ ఓనమాలు దిద్దుకున్న చోటు ఒక్కటే: వోల్గా ఆర్చరీ అకాడమీ.

లెనిన్, వోల్గా

అకాడమీని నిలబెట్టిన వ్యక్తి చెరుకూరి సత్యనారాయణ. కొడుకు పేరు లెనిన్, కూతురు పేరు వోల్గా. కమ్యూనిస్టు ఉద్యమం బలంగా నాటుకున్న ఉమ్మడి కృష్ణా జిల్లాలో ఇలాంటి పేర్లు కొత్త కాదు. వోల్గా 2004లో రోడ్డు ప్రమాదంలో కన్నుమూసింది. లెనిన్ అంతర్జాతీయ ఆర్చర్‌గా ఎదిగాడు. ఆ తర్వాత కోచ్ అయ్యాడు. 2010 అక్టోబరులో అతడూ రోడ్డు ప్రమాదంలోనే చనిపోయాడు. అదే నెలలో ఢిల్లీ కామన్వెల్త్ క్రీడల్లో రజతం గెలిచిన భారత పురుషుల కాంపౌండ్ జట్టులో విజయవాడ కుర్రాడు చిట్టిబొమ్మ జిజ్ఞాస్ ఉన్నాడు. ఊరు సంబరపడాల్సిన సమయంలో ఆ ఇంట్లో చావు కబురు.

ఇద్దరు పిల్లలు పోయాక ఏ తండ్రి అయినా తలుపులు మూసుకుంటే తప్పుపట్టేవారు ఉండరు. సత్యనారాయణ దంపతులు అకాడమీని మూయలేదు. తర్వాత వారికి పుట్టిన చిన్నారికీ విల్లే ఆటవస్తువైంది. 2015 మార్చిలో, ఇంకా మూడేళ్లు నిండకముందే, ఆ పాప అయిదు మీటర్ల నుంచి 36, ఏడు మీటర్ల నుంచి 36 బాణాలు వేసి 388 పాయింట్లు సాధించింది. ఇండియా బుక్ ఆఫ్ రికార్డ్స్‌లో చోటు దక్కించుకుంది.

అరచేయంత లక్ష్యం

ఈ ఆట ఎంత కష్టమో కొలతలు చూస్తే తెలుస్తుంది. ఒలింపిక్స్‌లో ఇన్నాళ్లూ వాడుతున్న రికర్వ్ విల్లుతో ఆర్చర్ 70 మీటర్ల దూరం నుంచి గురిపెట్టాలి. పది పాయింట్లు తెచ్చే నడిమి వలయం వెడల్పు 12.2 సెంటీమీటర్లు. కాంపౌండ్‌లో దూరం 50 మీటర్లు, నడిమి వలయం 8 సెంటీమీటర్లే. కాంపౌండ్ విల్లు కొసల్లో కప్పీల్లాంటి చక్రాలుంటాయి. నారిని పూర్తిగా లాగాక బరువులో చాలా భాగం వాటి వల్ల తగ్గిపోతుంది. గురి నిలకడగా ఉంటుంది. అందుకే పోటీ అంత బిగువుగా సాగుతుంది, ఒక్క బాణం తొమ్మిదిలో పడితే పతకం చేజారిపోతుంది. ఇక పోటీలకు పనికొచ్చే విల్లు, సరంజామా కొనాలంటే లక్షల రూపాయల మాట. మధ్యతరగతి తల్లిదండ్రులు పిల్లల చేతికి విల్లు ఇవ్వడమంటే ఇంటి లెక్కలన్నీ తిరగరాసుకోవడమే.

నీళ్ల నుంచి నేల మీదికి

జ్యోతి సురేఖ ముందు ఈతగత్తె. నాలుగేళ్ల వయసులోనే కృష్ణా నదిలో అయిదు కిలోమీటర్లు ఈది లిమ్కా బుక్ ఆఫ్ రికార్డ్స్‌కెక్కింది. తర్వాత విల్లు పట్టింది. 2014 ఇంచియాన్ ఆసియా క్రీడల్లో జట్టు కాంస్యం, 2018 జకార్తాలో జట్టు రజతం, 2017లో అర్జున అవార్డు. 2023లో బెర్లిన్ ప్రపంచ చాంపియన్‌షిప్‌లో జట్టు స్వర్ణం.

ధీరజ్ అయిదేళ్ల ప్రాయంలోనే అకాడమీలో చేరాడు. 2024 పారిస్ ఒలింపిక్స్ ర్యాంకింగ్ రౌండ్‌లో 681 పాయింట్లతో నాలుగో స్థానంలో నిలిచాడు. అంకితా భకత్‌తో కలిసి మిక్స్‌డ్ విభాగంలో సెమీస్ చేరాడు. ఒలింపిక్ ఆర్చరీలో భారత్ అంత దూరం వెళ్లడం అదే మొదటిసారి. కాంస్యం కోసం అమెరికాతో పోరాడి ఓడారు. వ్యక్తిగత పోటీలో కెనడా ఆటగాడు ఎరిక్ పీటర్స్‌తో షూటాఫ్‌కు వెళ్లి, ఇద్దరూ పది కొట్టినా ప్రత్యర్థి బాణం కేంద్రానికి మరింత దగ్గరగా ఉండటంతో వెనుదిరిగాడు.

ఊరు చేయాల్సింది

చిన్న ఊరి క్లబ్బు కూడా ఎంత దూరం వెళ్లగలదో చూడండి: స్విట్జర్లాండ్‌లో థున్ అనే చిన్న పట్టణం ఉంది. 1898లో పుట్టిన అక్కడి ఫుట్‌బాల్ క్లబ్బు 2005లో చాంపియన్స్ లీగ్‌లో ఆర్సెనల్, అయాక్స్ లాంటి మహా జట్లతో తలపడింది. చిన్న ఊరి క్లబ్బు పెద్ద వేదికకు వెళ్లాలంటే ఆటగాళ్లు, శిక్షకుల పట్టుదల ఒక్కటే చాలదు. ఊరు కూడా దాన్ని తనదనుకోవాలి. అకాడమీ భారమంతా ఒక కుటుంబం భుజాన వేసి, పతకం వచ్చిన రోజున ఊరేగింపులో మాత్రం కలిసే అలవాటు మనం మానుకోవాలి.

2028 లాస్ ఏంజెలిస్ ఒలింపిక్స్‌లో కాంపౌండ్ మిక్స్‌డ్ విభాగానికి తొలిసారి చోటు దక్కింది. ఇన్నాళ్లూ ఒలింపిక్స్‌లో లేని విల్లుతోనే జ్యోతి సురేఖ ఇంత పేరు తెచ్చుకుంది. ఇప్పుడు విజయవాడ, గుడివాడ, మచిలీపట్నం, తెనాలి పిల్లలకు కొత్త దారి తెరుచుకుంది. పాఠశాలలు తమ మైదానంలో ఒక మూల టార్గెట్లకు కేటాయించాలి. స్తోమత ఉన్నవారు ఒక పిల్లవాడి విల్లు ఖర్చు భరించాలి. విలేకరులు పతకంతోపాటు మొదట విల్లు పట్టించిన చేతినీ పేరు పెట్టి చెప్పాలి. ఈ వారం మీ ఊళ్లో ఏ ఆట నేర్పే క్లబ్బు ఉన్నా ఒకసారి వెళ్లి, వారికి ఏం కావాలో అడగండి.