ఇంట్లో సముద్రపు చేపలు పెంచాలంటే... అద్దాల ట్యాంకు కంటే ముందు కింది సంపు లెక్క చూసుకోవాలి

గోల్డ్‌ఫిష్ తొట్టి చాలా ఇళ్లలో చూసిందే. నారింజ రంగు మీద తెల్ల చారలుండే క్లౌన్‌ఫిష్, అదే పిల్లలు ‘నీమో’ అని పిలిచే చేప ఇంటికి తెచ్చుకోవాలంటే మాత్రం ఆ తొట్టి పనికిరాదు. అది సముద్రపు చేప. దానికి ఉప్పునీరు కావాలి. ఆ నీరు రాత్రీ పగలూ కదులుతూ, శుభ్రపడుతూ ఉండాలి. ఎక్కువ వేడెక్కకూడదు.

షాపుకు వెళ్తే అందరి చూపూ ముందు అద్దాల ట్యాంకు మీద, లైట్ల మీద పడుతుంది. బడ్జెట్‌లో ఎక్కువ భాగం అక్కడే అయిపోతుంది. కానీ చేప బతకడం, హాల్లో నేల తడవకపోవడం రెండూ ఆధారపడేది స్టాండు తలుపుల వెనక దాగి ఉండే మరో చిన్న ట్యాంకు మీద. దాన్ని సంపు అంటారు.

సంపు అంటే ఏమిటి?

సంపు అనగానే మనకు ఇంటి ముందు నేల కింద ఉండే నల్లా నీళ్ల సంపు గుర్తొస్తుంది. పని కూడా దాదాపు అలాంటిదే. పై ట్యాంకులో నీళ్లు ఒక మట్టం దాటగానే మూలన ఉన్న ఓవర్‌ఫ్లో పెట్టెలోకి జారి, పైపు ద్వారా కింది సంపులోకి దిగుతాయి. అక్కడ శుభ్రమయ్యాక రిటర్న్ పంపు వాటిని మళ్లీ పైకి తోస్తుంది. ఈ తిరుగుడు 24 గంటలూ ఆగకూడదు.

సంపును అద్దపు పలకలతో మూడు అరలుగా విభజిస్తారు.

మొదటి అరలో గుడ్డ సంచి లాంటి ఫిల్టర్ సాక్ ఉంటుంది. మిగిలిన మేత, చెత్త అందులో చిక్కుకుంటాయి. దాన్ని మూడు నాలుగు రోజులకోసారి తీసి ఉతకాలి. వదిలేస్తే పట్టిన చెత్త అక్కడే కుళ్లి నీటిని పాడు చేస్తుంది.

రెండో అరలో ప్రొటీన్ స్కిమ్మర్ ఉంటుంది. ఇది నీళ్లలోకి సన్నటి గాలి బుడగలు వదులుతుంది. చేపల వ్యర్థాల్లోని ప్రొటీన్లు ఆ బుడగలకు అంటుకుని నురగగా పైకి లేచి, కప్పులో నల్లటి నీరుగా చేరతాయి. ఉప్పునీటిలో బుడగలు చాలా సన్నగా వస్తాయి కాబట్టే ఈ పద్ధతి సముద్రపు ట్యాంకుల్లో బాగా పనిచేస్తుంది. స్కిమ్మర్ సరిగా నడవాలంటే దాని చుట్టూ నీటి మట్టం ఎప్పుడూ ఒకేలా ఉండాలి. ఎంత లోతు నీళ్లు కావాలో కంపెనీ వాళ్లు డబ్బా మీద రాస్తారు. అది చూశాకే అద్దపు పలక ఎత్తు ఎంతో చెప్పి సంపు చేయించాలి. సంపు ముందు చేయించి, స్కిమ్మర్ తర్వాత కొంటే అది అందులో పట్టకపోవచ్చు.

మూడో అరలో రిటర్న్ పంపు ఉంటుంది. ఎంత నీరు ఆవిరైనా ఆ తేడా ఈ అరలోనే కనిపిస్తుంది. కాబట్టి రోజూ కంటితో చూడాల్సింది ఈ అరనే.

కరెంటు పోతే ఎన్ని లీటర్లు కిందికి వస్తాయి?

అన్నిటికంటే ముఖ్యమైన లెక్క ఇదే. కరెంటు పోగానే పంపు ఆగుతుంది. పైకి నీళ్లు తోసే పైపు అప్పుడు సైఫన్‌లా మారి, పై ట్యాంకులోని నీటిని వెనక్కి లాగుతుంది. ఆ పైపు మూతి ఎంత లోతులో మునిగి ఉందో, అంత లోతు దాకా నీళ్లు కిందికి వచ్చేస్తాయి.

ఉదాహరణకు 120 సెం.మీ. పొడవు, 45 సెం.మీ. వెడల్పు ఉన్న ట్యాంకు తీసుకుందాం. ఇందులో ఒక్క సెంటీమీటరు నీటి మట్టం అంటే 5.4 లీటర్లు. పైపు మూతి నీటి మట్టానికి 10 సెం.మీ. కింద ఉంటే 54 లీటర్లు దిగుతాయి. పైపుల్లో, ఓవర్‌ఫ్లో పెట్టెలో ఉన్న మరో 10 లీటర్లు కలిపితే మొత్తం 64 లీటర్లు.

ఇప్పుడు కింద 75 సెం.మీ. పొడవు, 35 సెం.మీ. వెడల్పు, 40 సెం.మీ. ఎత్తు ఉన్న సంపు ఉందనుకుందాం. ఇది అంచు దాకా నిండితే 105 లీటర్లు పడుతుంది. మామూలుగా నడిచేటప్పుడు అందులో 22 సెం.మీ. ఎత్తు నీళ్లు ఉంటే దాదాపు 58 లీటర్లు. మిగిలిన ఖాళీ 47 లీటర్లే. వచ్చేది 64, పట్టేది 47. తేడా 17 లీటర్ల ఉప్పునీరు హాల్లో నేల మీద. రాత్రి అందరూ పడుకున్నాక కరెంటు పోతే ఆ నీళ్లు సోఫా కిందికి, స్విచ్‌బోర్డు దగ్గరికి పారతాయి. అపార్ట్‌మెంట్ అయితే కింది ఫ్లాటు సీలింగ్ కూడా తడవొచ్చు.

అదే పైపు మూతిని 2 సెం.మీ. లోతులోనే పెడితే పైనుంచి దిగేది 11 లీటర్లు, పైపులవి కలిపి 21. సంపులో హాయిగా పడుతుంది. అదనపు ఖర్చు పైసా లేదు, పైపు కాస్త పైకి జరిపితే చాలు. దాంతో పాటు నీటి మట్టానికి కొంచెం కింద ఆ పైపుకు చిన్న రంధ్రం చేయిస్తే, నీరు కాస్త తగ్గగానే గాలి లోపలికి వెళ్లి సైఫన్ తెగిపోతుంది. ఆ రంధ్రంలో నాచు పట్టకుండా అప్పుడప్పుడు పుల్లతో శుభ్రం చేయాలి. నీరు వెనక్కి రాకుండా ఆపే వాల్వు పెట్టాం కదా అని ధీమాగా ఉండకూడదు. ఉప్పు, నాచు చేరితే వాల్వు పూర్తిగా మూసుకోదు.

దిగే పైపు మూసుకుపోతే?

ఇది రెండో ప్రమాదం. నాచు ముద్దో, నత్తో అడ్డుపడి నీరు కిందికి దిగకపోయినా పంపు తోస్తూనే ఉంటుంది. అప్పుడు పొంగేది పై ట్యాంకు. అందుకే దిగే పైపులు రెండు పెట్టించాలి. ఒకటి రోజూ పనిచేసేది, రెండోది అత్యవసరానికి ఖాళీగా ఉండేది.

ఇక్కడ కూడా ఒక లెక్క ఉంది. పంపు ఉన్న అర 25 సెం.మీ. పొడవు, 35 వెడల్పు, 22 సెం.మీ. నీటితో ఉంటే అందులో 19 లీటర్లు ఉంటాయి. పై ట్యాంకు అంచు దగ్గర 4 సెం.మీ. ఖాళీ వదిలితే 21 లీటర్లకు పైగా చోటుంటుంది. అర మొత్తం పైకి వెళ్లినా నేల తడవదు. కాబట్టి పంపు అర పెద్దదిగా ఉంటేనే మంచిదనుకోవడం పొరపాటు.

పంపు ఎంతది కొనాలి?

ఈ ట్యాంకులో నికరంగా 250 లీటర్ల దాకా నీరు ఉంటుంది. గంటకు దానికి నాలుగైదు రెట్లు, అంటే 1000 నుంచి 1250 లీటర్లు సంపు గుండా తిరిగితే సరిపోతుంది. అయితే పంపు డబ్బా మీద పెద్దగా కనిపించే అంకె నీటిని పైకి ఎత్తకుండా ఇచ్చే లెక్క. మీటరుకు పైగా ఎత్తడం, మధ్యలో ఎల్బోలు ఉండటం వల్ల అది బాగా తగ్గుతుంది. కాబట్టి డబ్బా మీద ఎత్తును బట్టి ఇచ్చిన పట్టిక చూసి కొనాలి. ట్యాంకు లోపల అలల్లా నీటిని కదిపే పని వేవ్‌మేకర్ చూసుకుంటుంది.

పైపులు, వాల్వులు ప్లాస్టిక్‌వే ఉండాలి. ప్లంబర్ అలవాటు కొద్దీ ఇత్తడి నిపుల్ బిగిస్తే ఉప్పునీటికి అది కరిగి, అందులోని రాగి రొయ్యలను, ఇతర చిన్న జీవులను చంపేస్తుంది.

బరువు, వైరింగు

నీళ్లు, అద్దాలు, రాళ్లు, స్టాండు, సంపు అన్నీ కలిపితే ఈ సెట్ బరువు 450 కిలోల దగ్గరికి చేరుతుంది. దీన్ని హాలు మధ్యలో కాకుండా బీము ఉన్న గోడ వెంట పెట్టాలి. పాత ఇల్లయితే ఇంజినీరును అడగాలి, అద్దె ఇల్లయితే యజమానికి ముందే చెప్పాలి.

ఉప్పునీరు, కరెంటు కలిస్తే ప్రాణానికే ముప్పు. ఎంసీబీ ఉంటే చాలనుకుంటారు. అది వైర్లను కాపాడుతుంది, మనిషిని కాదు. నీళ్లలో చేయి పెట్టినప్పుడు షాక్ నుంచి కాపాడేది 30 మిల్లీఆంప్‌ల ఆర్‌సీసీబీ, సరైన ఎర్తింగ్. ప్లగ్గుల బోర్డు సంపు పైన కాకుండా పక్క గోడకు, ఎత్తులో బిగించాలి. ప్రతి వైరూ ప్లగ్గు కంటే కిందికి వేలాడి మళ్లీ పైకి వచ్చేలా ఉండాలి. అప్పుడు వైరు మీదుగా జారే చుక్క కిందే రాలిపోతుంది. చేయి పెట్టే ముందు స్విచ్‌లు ఆపడం పిల్లలకు కూడా నేర్పాలి.

కరెంటు బిల్లు, ఎండాకాలం

రిటర్న్ పంపు 30 వాట్లు, స్కిమ్మర్ 15, వేవ్‌మేకర్ 10 అనుకుంటే రోజుకు 1.3 యూనిట్లు. 80 వాట్ల లైటు 8 గంటలు వెలిగితే మరో 0.6. అంటే నెలకు 60 యూనిట్లు. ఎండాకాలంలో 250 వాట్ల చిల్లర్ రోజుకు 8 గంటలు నడిస్తే ఇంకో 60. తెలంగాణలో గృహజ్యోతి కింద నెలకు 200 యూనిట్ల లోపు వాడుకుంటున్న కుటుంబాలు ఇది గమనించాలి. ఇప్పుడు 150 యూనిట్లు కాలుతుంటే, ట్యాంకుతో కలిపి 210 అవుతుంది. 200 దాటిన నెల బిల్లు చేతి నుంచి కట్టాల్సిందే.

ఈ నీరు 24 నుంచి 27 డిగ్రీల మధ్య ఉండాలి. హైదరాబాద్ లాంటి పొడి వేడిలో నీటి మీదికి చిన్న ఫ్యాను తిప్పితే ఆవిరితో రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. విశాఖ లాంటి ఉక్క ఉండే చోట ఆ ఉపాయం అంతగా పనిచేయదు. ఏప్రిల్, మే నెలలకు చిల్లర్ లేకుండా కష్టం. చిల్లర్‌ను స్టాండు లోపల మూసి పెట్టకూడదు, అది వదిలే వేడి మళ్లీ నీటికే చేరుతుంది.

కరెంటు కోతకు ఇన్వర్టర్ ఉన్న ఇంట్లో రిటర్న్ పంపు, వేవ్‌మేకర్ రెంటినీ దానికి కలపాలి. రెండూ కలిపి 40 వాట్లే, మామూలు సీలింగ్ ఫ్యాను కంటే తక్కువ. ఇన్వర్టర్ లేకపోతే బ్యాటరీతో నడిచే గాలి పంపు ఒకటి ఇంట్లో ఉంచుకోవాలి. నీరు కదలకపోతే చేపలకు ఆక్సిజన్ అందదు.

నీళ్లు, ఉప్పు

వంటింటి ఉప్పు పనికిరాదు. అక్వేరియం కోసం తయారుచేసే సముద్రపు ఉప్పు లీటరుకు సుమారు 36 గ్రాములు కలపాలి. 300 లీటర్లకు దాదాపు 11 కిలోలు. సాంద్రత 1.025 దగ్గర ఉందో లేదో రిఫ్రాక్టోమీటర్‌తో చూడాలి. బోరు నీళ్లు, నల్లా నీళ్లు నేరుగా పోయకూడదు. ఇంట్లో తాగే ఆర్‌వో మిషన్లలో చాలావాటికి రుచి కోసం కొంత మామూలు నీరు కలిపే ఏర్పాటు ఉంటుంది. కాబట్టి టీడీఎస్ మీటరు పెట్టి చూశాకే వాడాలి. అది సున్నాకు ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది.

ఆవిరయ్యేది నీరే, ఉప్పు కాదు. అందుకే తగ్గినంత మేర మంచినీళ్లే పోయాలి. రోజుకు 4 లీటర్లు ఆవిరైతే ఈ సంపులో పంపు అర మట్టం నాలుగున్నర సెంటీమీటర్లు పడిపోతుంది. మూడు నాలుగు రోజులు పట్టించుకోకపోతే పంపు గాలి పీల్చి కాలిపోతుంది. ఉమ్రాకు 15 రోజులు వెళ్లే కుటుంబానికి ఇది 60 లీటర్ల లెక్క. ఆటోమేటిక్‌గా నీరు నింపే పరికరానికి 20 లీటర్ల డబ్బా పెట్టినా 5 రోజులకే సరిపోతుంది. అందుకే తాళంచెవి ఎవరికి ఇస్తున్నారో వాళ్లకు నీళ్లు పోయడం, మేత కొంచెమే వేయడం ముందే చూపించాలి.

మరో జాగ్రత్త. స్కిమ్మర్ గదిలోని గాలినే పీల్చి నీళ్లలో కలుపుతుంది. దోమల స్ప్రే కొడితే ఆ మందు చేపలకు విషం. లోబాన్ పొగ కూడా ట్యాంకుకు దూరంగా పెట్టుకోవడం మంచిది.

చేపలు ఎప్పుడు తేవాలి?

ముందు మామూలు నీళ్లతో నింపి 24 గంటలు లీకేజీ చూడాలి. తర్వాత మెయిన్ స్విచ్ ఆపి, సంపు ఎంత దాకా నిండుతుందో చూడాలి. ఇలా నాలుగైదు సార్లు చేసి, నిండిన చోట మార్కర్‌తో గీత గీయాలి. అంచుకు ఇంకా నాలుగు వేళ్ల ఖాళీ ఉంటేనే ఆ నీళ్లు తీసేసి ఉప్పునీరు పోయాలి.

ఆ తర్వాత కూడా నాలుగు నుంచి ఆరు వారాలు ఆగాలి. వ్యర్థాల నుంచి వచ్చే అమ్మోనియాను నైట్రైట్‌గా, దాన్ని నైట్రేట్‌గా మార్చే బ్యాక్టీరియా రాళ్ల మీద పెరగడానికి అంత సమయం పడుతుంది. టెస్ట్ కిట్‌లో అమ్మోనియా, నైట్రైట్ రెండూ సున్నా చూపించాకే మొదటి చేప.

ఆ చేప ఎక్కడిదో కూడా అడగాలి. క్లౌన్‌ఫిష్‌ను హేచరీల్లో పెంచే పద్ధతిని కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ అభివృద్ధి చేసింది. హేచరీలో పుట్టిన చేప ట్యాంకు జీవితానికి త్వరగా అలవాటు పడుతుంది. సముద్రం నుంచి తీసిన గట్టి పగడాలు, సముద్ర గుర్రాలు 1972 వన్యప్రాణి రక్షణ చట్టం కింద రక్షిత జీవులు. షాపువాడు ఇస్తానన్నా తీసుకోకూడదు.

బాగా చూసుకుంటే క్లౌన్‌ఫిష్ పదేళ్లకు పైగా బతుకుతుంది. పిల్లల ముచ్చట కోసం తెచ్చినా, ఆ పదేళ్లూ చూసుకోవాల్సింది పెద్దవాళ్లే. డబ్బు సరిపోకపోతే ట్యాంకు ఒక సైజు తగ్గించుకోవచ్చు, లైటు తర్వాత మార్చుకోవచ్చు. సంపు, ఆర్‌సీసీబీ, రెండో దిగే పైపు మాత్రం మొదటి రోజే ఉండాలి.