రాతి వాఙ్మూలము

రాయచూరు జిల్లా లింగసుగూరు తాలూకాలోని హట్టి బంగారు గని నేడు కర్ణాటకములో నున్నను మన తెలుగువారికి పరాయిది కాదు. ఆ సీమ నైజాము రాజ్యములో అంతర్భాగమై యున్నపుడు, ఇరువదవ శతాబ్ది తొలినాళ్లలో జాన్ టేలర్ సంస్థవారు కొంతకాలము త్రవ్వి విడిచిపోయిన గనిని, హైదరాబాదు సంస్థాన ప్రభుత్వము 1947లో హైదరాబాదు గోల్డ్ మైన్స్ అను కంపెనీని నెలకొల్పి మరల తెరపించినది. 1956లో జరిగిన రాష్ట్రముల పునర్విభజనతో రాయచూరు మైసూరు రాష్ట్రమున చేరగా కంపెనీయు హట్టి పేరు ధరించి ఆ ప్రభుత్వము వశమైనది. 2001 ఫిబ్రవరిలో కోలారు గనులు మూతపడిన పిమ్మట మన దేశమున రాతిని త్రవ్వి పసిడి తీయు ప్రధానమైన గని ఇదియే.

హట్టిని తెరచినవారిలో జాన్ టేలర్ గాని, నిజాము గాని ప్రథములు కారు. అచ్చటి ప్రాచీనపు త్రవ్వకములు 640 అడుగుల లోతు వరకు దిగినవి. వానిలో దొరకిన కొయ్యను రేడియోకార్బన్ పద్ధతిని పరీక్షింపగా సుమారు రెండువేల యేండ్ల నాటిదని తేలినది. పేలుడు మందు ఎరుగని ఆ కాలపు శ్రామికులు రాతిగోడకు నిప్పుపెట్టి, కాగిన రాతిపై నీరు చల్లి పగులగొట్టి, ఆ ముక్కలను పైకి మోసి నూరుకొనినారు. హట్టి గల ఈ పసిడిపట్టీలోనిదే మస్కి అను ఊరు. 1915లో బంగారపు జాడల కొరకు కొండలు తిరుగుచున్న బీడన్ అను గని ఇంజనీరు కంటబడిన శిలాశాసనమే దేవానాంప్రియుడన్న బిరుదు వెనుక నున్నవాడు అశోకుడని చరిత్రకారులకు స్పష్టము చేసినది. కౌటిల్యుడు అర్థశాస్త్రమున గనుల అధ్యక్షునికి విధించిన ధర్మములలో, చిట్టెము, మూసలు, బొగ్గులు, బూడిద అను గుర్తులనుబట్టి పూర్వము త్రవ్వి విడిచిన గనిని కనిపెట్టి పరీక్షించుటయు నొకటి. మూతపడిన గనిని తిరిగి పరీక్షించు విద్య మన దేశమున అంత పాతది.

అట్టి గనిలో దిగువారికి మొదట ఎదురగునది పసిడి కాదు, నీరు. ఏండ్ల తరబడి నిండిన నీటిని పంపులతో తోడి, చెడిన గాలిని వెడలించి, చివికిన దుంగలను మార్చి, పైకప్పున వదులైన రాళ్లను గడ్డపారలతో రాల్చి, ఒక్కొక్క లెవెలే (అంతస్తే) దిగిన తరువాత గాని రీఫ్ అను పసిడిగల రాతిపట్టీ గోడ కంటబడదు. చేతిలో పాత కంపెనీవారు గీసిన పటములుండును. ఏ చోటి రాయి టన్నుకు ఎంత పసిడి నిచ్చినదో వానిపై అంకెలుండును. అవి విలువైనవే. అయినను వానిని యథాతథముగా గ్రహింపరాదు. ఏలయన, బంగారము మిక్కిలిగా నున్న రాతిని ఆనాటివారే తీసికొని పోయియుందురు, ఇపుడు నిలిచియున్నవి కప్పు కూలకుండ వారు వదలిన స్తంభములును, ఆనాటి ధరకు గిట్టుబాటు కాదని విడిచిన అంచులును. ధర పెరిగినపుడు ఆ బీదరాయియే ఖనిజమగును. అగునో కాదో చెప్పవలసినది శాంపిలు ఒక్కటే.

శాంపిలు తీయువాని మొదటి పని గోడను కడుగుట. పాతగని పగుళ్లలోనికి వెనుకటి పేలుళ్ల నాటి పొడి దిగియుండును. అందు పసిడి నలుసులు చేరియుండిన, గోడలో లేని భాగ్యము సంచిలో చేరును. కావున నీటితో కడిగి, పైపొరను చెక్కివేసి, తాజా రాయి బయటపడిన పిదప, రీఫ్ సాగు దిశకు అడ్డముగా ఒక యంచునుండి మరియొక యంచువరకు రంగుతో రెండు గీతలు గీసి, వాని నడుమ పది సెంటీమీటర్ల వెడల్పున, రెండున్నర సెంటీమీటర్ల లోతున, సుత్తితో ఉలితో గాడి తొలుచుదురు. మీటరు పొడవు గాడినుండి రమారమి ఏడు కిలోల రాయి వచ్చును. క్రింద పరచిన కాన్వాసు గుడ్డపై రాలిన ప్రతి ముక్కయు సంచిలోనికి పోవలెను, గాడిది కాని ముక్క ఒక్కటియు పోరాదు. నీరు చల్లి పనిచేయుటవలన మరియొక మేలును గలదు: పలుగురాతి ధూళి ఊపిరితిత్తులను రాయిగా మార్చు సిలికోసిస్ వ్యాధికి కారణము, కోలారు కార్మికులు ఆ వ్యాధికి చెల్లించిన మూల్యమును ఈ వృత్తివారు మరువరాదు.

ఈ పనిలో కష్టమంతయు చేతి న్యాయమందే యున్నది. పలుగురాయి కఠినము, దాని ప్రక్కనుండు షిస్టు మెత్తన. ఉలి దెబ్బకు మెత్తని రాయి కావలసినదానికంటె ఎక్కువ రాలును. కఠినమైనది తక్కువ రాలును. పసిడి ఏ రాతిలో నున్నదో దానినిబట్టి ఫలితము ఒకవైపునకు ఒరిగిపోవును. అలసిన చేయి సులువైనచోట లోతుగా తొలుచును. ఆశపడు కన్ను మెరయుచోట మరొక దెబ్బ వేయును. అందుచేత అనుభవజ్ఞులు పలుగుపట్టీకి ఒక సంచిని, దాని ఇరుప్రక్కల రాతికి వేరువేరు సంచులను కేటాయించి, లెవెలు, సర్వే మేకునుండి దూరము, పట్టీ వెడల్పు నోటుపుస్తకమున వ్రాసికొని, సంచిపై సంఖ్యను మాత్రము వేయుదురు. ప్రయోగశాలవారికి ఆ రాయి ఏ చోటిదో తెలియరాదు. తరువాత ఒకటి రెండు మీటర్లు ముందునకు జరిగి మరల ఇదే క్రమము. నేలపైని యంత్రశాలలన్నియు, కంపెనీ లెక్కలన్నియు, వందలమంది జీవనమును ఆ ఉలిపట్టిన చేతిపై ఆధారపడియున్నవని నేను నమ్ముదును. ఆ చేతికి దక్కు గౌరవమో, మిక్కిలి స్వల్పము.

టన్నుకు నాలుగు గ్రాములు గల రాయి త్రవ్వదగినదనుకొందము. పరీక్షకు తీసికొను ముప్పది గ్రాముల పొడిలో అపుడు ఉండవలసిన పసిడి మిల్లీగ్రాములో ఎనిమిదవ వంతునకును లోపే. మిల్లీమీటరులో అయిదవ వంతు భుజము గల ఘనాకారపు పసిడి నలుసు ఒక్కటి ఆ పొడిలో అదనముగా పడినచో ఫలితము టన్నుకు అయిదు గ్రాములు పెరుగును. పడకపోయిన, ఆ పెరుగుదల ఉండదు. అదే గోడ, అదే గాడి. అయినను ఒక సంచి భాగ్యమును చెప్పును, మరియొకటి దారిద్ర్యమును చెప్పును. ఒక్క శాంపిలును నమ్మి గనిని తెరచుటయు, ఒక్క శాంపిలును నమ్మి మూయుటయు సమానమైన అవివేకములు.

పైకి వచ్చిన సంచిని ఆరబెట్టి, రాతిని నలుగగొట్టి, కుప్పగా పోసి చదును చేసి నాలుగు పాళ్లుగా విభజించి, ఎదురెదురు పాళ్లు రెండింటిని నిలుపుకొని, మరల నలిపి మరల విభజించి, చివరకు 75 మైక్రాన్ల జల్లెడలో దిగునంత మెత్తగా పొడిచేయుదురు. ఆ పొడిలో లిథార్జ్ అను సీసపు భస్మమును, సోడాను, వెలిగారమును, ఇసుకను, చిటికెడు గోధుమపిండిని కలిపి మూసలో పోసి, వెయ్యి డిగ్రీలు దాటిన కొలిమిలో నిలుపుదురు. పిండి కాలి భస్మమును మరల సీసముగా మార్చును. ఆ సీసపు బిందువులు ద్రవమునుండి దిగుచు పసిడిని, వెండిని తమలో కలుపుకొని అడుగున ముద్దయగును. తక్కిన రాయి గాజువలె పైన తేలును. హట్టి రాతిలో గంధకముతో, ఆర్సెనిక్‌తో కూడిన ఆర్సెనోపైరైట్ మెండు గనుక, అది ఈ కలయికను చెరుపకుండ సురేకారముతో గాని, ముందుగా వేయించుటచేత గాని దానిని అణచవలెను. పిదప సీసపు ముద్దను ఎముకల బూడిదతో చేసిన చిన్న గిన్నెలో నుంచి కాల్చగా సీసము గిన్నెలోనికి ఇంకిపోయి, ఆవగింజకంటె చిన్నదైన పూస మిగులును. నత్రికామ్లములో వెండి కరగిపోగా నిలిచినదే పసిడి. వెండి చాలనిచో ఆమ్లము లోనికి చొరదు గనుక దానిని ముందే చేర్చియుంచుదురు. మన కంసాలులు పుటము పెట్టుటలో ఎరిగిన విద్యయే ఇది. లెక్క మాత్రము సూక్ష్మతరమైనది.

అంకె వచ్చినంతమాత్రమున పని ముగియదు. రెండు మీటర్ల వెడల్పున టన్నుకు మూడు గ్రాములు, అరమీటరు వెడల్పున పండ్రెండు గ్రాములు వచ్చినచో, సరాసరి ఏడున్నర యని చెప్పువాడు తప్పు చెప్పుచున్నాడు. వెడల్పులను గణించిన నిజమైన సరాసరి 4.8 గ్రాములే. ఈ భేదమే లాభమునకు నష్టమునకు నడుమనున్న గోడ. ఇంతేకాక, పసిడి లేని రాతిని, ముందే తెలిసిన ప్రమాణపు పొడిని, ఒకే శాంపిలు యొక్క రెండవ పాలును రహస్య సంఖ్యలతో చేర్చి ప్రయోగశాలనే పరీక్షింపవలెను.

ఈ జాగ్రత్త విడిచిన ఫలితమును లోకము 1997లో చూచినది. ఇండొనేషియాలోని బుసాంగ్ వద్ద అపారమైన పసిడి యున్నదని కెనడాకు చెందిన బ్రి-ఎక్స్ కంపెనీ చాటగా మదుపరులు కోట్ల డాలర్లు గుమ్మరించిరి. డ్రిల్లుతో తీసిన రాతికడ్డీలలో సగము దాచుట ఈ వృత్తి ఆచారము కాగా, ఆ కంపెనీవారు అచ్చట దాచక దాదాపు అంతయు నలుగగొట్టిరి. ఫ్రీపోర్ట్ సంస్థవారు స్వయముగా డ్రిల్లు వేసి పరీక్షింపగా చెప్పుకోదగిన పసిడి లేదు. నలిపిన పొడిలో బయటి బంగారమును కలిపిరని స్వతంత్ర పరిశీలన తేల్చినది.

మన సీమలోను భారత్ గోల్డ్ మైన్స్ నడిపిన అనంతపురపు రామగిరి, చిత్తూరు జిల్లా చిగరగుంట గనులు విడిచిపెట్టబడినవి. వానిలో ఇంకను ఎంత పసిడి యున్నదో యని పత్రికలలో అపుడపుడు వార్తలు వచ్చుచుండును. ఇట్టి గని దేనినైనను తెరచుదుమనువారు ముందుకు వచ్చినపుడు, ఎన్ని టన్నుల పసిడి యని కాక, ఎన్ని శాంపిళ్లు, ఎంత దూరమునకొకటి, ఏ గోడనుండి, ఎవరు తీసిరి, ఎవరు వేరుగా సరిచూచిరి, మిగిలిన పాలు ఎక్కడ భద్రపరచిరి యని ఆ గ్రామములవారును, పత్రికలవారును, వాటాలు కొనబోవువారును అడుగవలెను. ఈ ప్రశ్నలకు ఉత్తరము చెప్పనివారికి భూమిని, పొదుపు సొమ్మును అప్పగింపవలదని పాఠకులకు నా విన్నపము.