కందిరీగ కుడితే.. వాపు వేరు, అలర్జీ వేరు

* తొలి అరగంటే కీలకం
* ప్రాణం నిలిపేది అడ్రినలిన్ ఇంజెక్షనే
* ఒకసారి గండం గడిచినవారికి పరీక్షలు అవసరం

పుంగనూరు గ్రామీణం, మా ప్రతినిధి: పొలం గట్టున, చింతచెట్టు కింద, పాడుబడిన పశువుల కొట్టంలో కందిరీగ కుట్టడం పల్లెవాసులకు కొత్త కాదు. కుట్టిన చోట సున్నం రాసుకుని, ఇనుప ముక్కతో రుద్దుకుని మళ్లీ పనిలో పడతారు. చాలామందికి అంతటితో సరిపోతుంది కూడా. అయితే కొందరికి మాత్రం ఒక్క ఈగ కుట్టినా నిమిషాల వ్యవధిలో ప్రాణం మీదికి వస్తుంది. విషం ఎక్కువగా ఎక్కడం ఇందుకు కారణం కాదు. ఆ విషంపై వారి శరీరం విపరీతంగా స్పందించడమే అసలు కారణం. ఈ తేడా తెలియకపోవడం వల్లే సకాలంలో అందాల్సిన వైద్యం ఆలస్యమవుతోంది.

మూడు విధాలుగా ప్రభావం

తేనెటీగ, కందిరీగ కుట్టినప్పుడు కలిగే ప్రభావాన్ని వైద్యులు మూడు విధాలుగా విభజిస్తారు. మొదటిది కుట్టిన చోట మంట, ఎరుపు, కొద్దిపాటి వాపు. ఇవి కొన్ని గంటల్లోనో, ఒకటి రెండు రోజుల్లోనో తగ్గిపోతాయి. కొందరికి వాపు పది సెంటీమీటర్లకు మించి పెరిగి, చేయంతా పొంగి నాలుగైదు రోజులు బాధిస్తుంది. చూసేందుకు భయం గొలిపినా ఇది సాధారణంగా ప్రాణాంతకం కాదు.

రెండోది అనాఫిలాక్సిస్ అనే తీవ్రమైన అలర్జీ. కుట్టింది కాలిపైనే అయినా ఒళ్లంతా దద్దుర్లు లేస్తాయి. పెదవులు, నాలుక, కళ్ల చుట్టూ వాపు వస్తుంది. గొంతు బిగుసుకుని మాట బొంగురుపోతుంది. ఆయాసం, వాంతులు, కడుపునొప్పి మొదలవుతాయి. రక్తపోటు పడిపోయి కళ్లు తిరిగి కుప్పకూలుతారు. కొందరిలో దద్దుర్లేవీ కనిపించకుండానే నేరుగా స్పృహ తప్పవచ్చు. ఈ లక్షణాలు చాలావరకు అరగంటలోపే బయటపడతాయి.

మూడోది విషప్రభావం. పెద్ద తేనెపట్టు కదిలి వందల ఈగలు ఒక్కసారిగా కుట్టినప్పుడు అలర్జీ లేనివారికీ ముప్పే. విషం వల్ల కండరాలు, ఎర్ర రక్తకణాలు దెబ్బతిని, వాటి నుంచి వెలువడిన పదార్థాలు మూత్రపిండాలకు చేటు చేస్తాయి. ఆరోజు బాగానే ఉన్నట్లు కనిపించినా తర్వాతి రోజుల్లో మూత్రం తగ్గి డయాలసిస్ అవసరం కావచ్చు. అందుకే ఎక్కువ ఈగలు కుట్టినవారు ఆసుపత్రిలో ఉండి రక్త, మూత్ర పరీక్షలు చేయించుకోవాలి.

శరీరంలో జరిగేదేమిటి?

ఫ్రెంచి శాస్త్రవేత్త షార్ల్ రిషే 1902లో తన సహచరుడు పాల్ పోర్టియెతో కలిసి సముద్ర జీవి విషాన్ని కుక్కలపై ప్రయోగించారు. మొదటిసారి తట్టుకున్న కుక్కలు కొన్ని వారాల తర్వాత అతి తక్కువ మోతాదుకే మరణించాయి. ఈ స్థితికి అనాఫిలాక్సిస్ అని పేరు పెట్టింది వారే. రిషేకు 1913లో నోబెల్ బహుమతి లభించింది.

కందిరీగ విషయంలోనూ జరిగేది ఇదే. ఒకసారి కుట్టినప్పుడు కొందరి శరీరం ఆ విషానికి వ్యతిరేకంగా ఐజీఈ అనే ప్రతిరక్షకాలను తయారు చేసుకుంటుంది. మరోసారి కుట్టినప్పుడు ఇవి మాస్ట్ కణాలను ప్రేరేపించడంతో హిస్టమిన్ తదితర రసాయనాలు ఒక్కసారిగా విడుదలవుతాయి. రక్తనాళాలు వ్యాకోచించి రక్తపోటు పడిపోతుంది, శ్వాసనాళాలు ముడుచుకుపోతాయి. ‘గతంలో ఎన్నోసార్లు కుట్టింది, ఏమీ కాలేదు’ అన్న ధీమా పనికిరాదని చెప్పడానికి కారణం ఇదే.

అడ్రినలిన్‌దే ప్రధాన పాత్ర

గ్రామాల్లో ఎవరినైనా ఈగ కుడితే వెంటనే ఎవిల్, డెక్సామెథసోన్ ఇంజెక్షన్లు వేయించడం పరిపాటి. దురద, దద్దుర్లకు ఎవిల్ ఉపయోగపడుతుంది. కానీ పడిపోతున్న రక్తపోటును, బిగుసుకుంటున్న గొంతును అది ఆపలేదు. స్టెరాయిడ్ పని చేయడానికి గంటలు పడుతుంది. రెండింటినీ సరిచేసే మందు అడ్రినలిన్ మాత్రమే. దీన్ని తొడ వెలుపలి వైపు కండరానికి ఇవ్వాలి. మోతాదు కిలో బరువుకు 0.01 మిల్లీగ్రాము చొప్పున, పెద్దలకు గరిష్ఠంగా 0.5 మిల్లీగ్రాములు. తగ్గకపోతే 5 నుంచి 15 నిమిషాల వ్యవధిలో వైద్య సిబ్బంది మళ్లీ ఇస్తారు. ఇది ఖరీదైన మందేమీ కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో తప్పక ఉండాల్సిన అత్యవసర ఔషధాల్లో ఒకటి.

వాహనం వచ్చేలోగా రోగిని వెల్లకిలా పడుకోబెట్టి కాళ్లు కాస్త ఎత్తులో ఉంచాలి. ఆయాసం ఉంటే ఆనించి కూర్చోబెట్టాలి, వాంతులవుతుంటే పక్కకు తిప్పాలి. కాస్త తేరుకున్నాడని లేపి నిలబెట్టడం, నడిపించడం ప్రమాదకరం. ద్విచక్ర వాహనంపై మధ్యలో కూర్చోబెట్టుకుని తీసుకెళ్లడం కంటే 108కు ఫోన్ చేయడమే మేలు. లక్షణాలు తగ్గాక కొన్ని గంటలకు తిరగబెట్టే అవకాశం ఉన్నందున వైద్యుల పర్యవేక్షణలో ఉండాలి.

తేనెటీగ కుడితే దాని ముల్లు, విషపు సంచి చర్మంలోనే ఉండిపోతాయి. కందిరీగ ముల్లు వదలదు, అదే ఈగ పలుమార్లు కుట్టగలదు. ముల్లు కనిపిస్తే గోటితోనైనా సరే క్షణాల్లో తీసేయాలి. ఆలస్యమయ్యేకొద్దీ విషం లోపలికి దిగుతుంది. తర్వాత సబ్బునీటితో కడిగి చల్లని గుడ్డ వేయాలి.

పరీక్షలు ఎప్పుడు? ఎవరికి?

గండం గడిచి ఇంటికి చేరాక చాలామంది ఆ సంగతే మరచిపోతారు. వాస్తవానికి అసలు జాగ్రత్త అక్కడే మొదలుకావాలి. తీవ్ర అలర్జీ వచ్చిన పెద్దల్లో దాదాపు సగం మందికి మళ్లీ కుట్టినప్పుడు అది పునరావృతమయ్యే అవకాశం ఉంది.

వ్యాధి నిర్ధారణలో రోగి చెప్పే వివరాలదే పెద్దపీట. ఏ ఈగ కుట్టింది, ఎంతసేపటికి లక్షణాలు వచ్చాయి, ముల్లు ఉందా అన్నవి గుర్తుంచుకోవాలి. ఘటన జరిగిన తొలి గంటల్లో రక్తంలో ట్రిప్టేస్ స్థాయి చూస్తే అనాఫిలాక్సిస్‌ను ధ్రువపరచవచ్చు. నాలుగు నుంచి ఆరు వారాల తర్వాత చర్మ పరీక్ష, విషానికి సంబంధించిన ఐజీఈ రక్త పరీక్ష చేస్తారు. అంతకంటే ముందు చేస్తే ఫలితం తప్పుగా రావచ్చు. అలాగే ఎన్నడూ ఇబ్బంది పడనివారిలోనూ పరీక్ష పాజిటివ్ రావచ్చు కనుక లక్షణాలు లేనివారికి ఈ పరీక్షలు అనవసరం.

నిర్ధారణ అయినవారికి ఇమ్యునోథెరపీ చికిత్స ఉంది. శుద్ధిచేసిన విషాన్ని అతి స్వల్ప మోతాదులో మొదలుపెట్టి, క్రమంగా 100 మైక్రోగ్రాములకు పెంచి, నెల నుంచి కొన్ని వారాల వ్యవధితో మూడు నుంచి ఐదేళ్లపాటు ఇస్తారు. ఈగ మొత్తాన్నీ నూరి తీసిన సారంతో పూర్వం చేసిన వైద్యం పనికిరాదని, విషంతో చేసినదే రక్షణ ఇస్తుందని అమెరికాలో 1978లో వెలువడిన అధ్యయనం తేల్చింది. మనదేశంలో ఈ చికిత్స అన్నిచోట్లా దొరకదు. పెద్ద ఆసుపత్రుల్లోని అలర్జీ విభాగాలను సంప్రదించాలి. రక్తపోటు, గుండెజబ్బుకు మందులు వాడేవారు ఆ సంగతి వైద్యుడికి ముందే చెప్పాలి.

కుట్టకుండానే వచ్చే అలర్జీలు

పొలాల్లో వేధించేవి ఈగలు మాత్రమే కాదు. 1950ల్లో పుణె ప్రాంతంలో తొలిసారి గుర్తించిన వయ్యారిభామ కలుపు నేడు ఊరూరా గట్లపై విస్తరించింది. దీనిలోని పార్థెనిన్ అనే పదార్థం వల్ల ముఖం, మెడ, మోచేతి మడతల్లో దురదతో కూడిన గజ్జి వంటి మచ్చలు వస్తాయి. దీనికి చర్మంపై పొడిచి చేసే పరీక్ష చాలదు. వీపుపై రెండు రోజులు పట్టీ అంటించి చేసే ప్యాచ్ పరీక్షతో నిర్ధారిస్తారు. పూత దశకు ముందే, చేతికి తొడుగులు వేసుకుని మొక్కను పీకేయాలి.

తుమ్ములు, ముక్కు కారడం, ఉబ్బసం ఉన్నవారిలో మాత్రం ఇంటి దుమ్ములోని సూక్ష్మ పురుగులు, పుప్పొడి, బూజు కారణం కావచ్చు. చర్మంపై పొడిచే పరీక్షతో పావుగంటలో తెలుసుకోవచ్చు. పరీక్షకు ముందు అలర్జీ మాత్రలు కొద్ది రోజులు ఆపాల్సి ఉంటుంది. ఎన్ని రోజులన్నది వైద్యుడే చెబుతారు.

ఈ జాగ్రత్తలు పాటించాలి

* తేనెపట్టు ఉన్న చెట్టు కింద పొగ పెట్టరాదు, బాణసంచా కాల్చరాదు, రాళ్లు రువ్వరాదు.
* ఈగలు చుట్టుముడితే తల, ముఖం కప్పుకుని తలుపులున్న గదిలోకి పరుగెత్తాలి. కుట్టిన చోట వెలువడే వాసన మరిన్ని ఈగలను రప్పిస్తుంది కనుక అక్కడే నిలబడి విదిలించరాదు.
* తోటపని, గీతపని చేసేవారు నిండు చేతుల చొక్కా, చెప్పులు ధరించాలి. గతంలో తీవ్ర అలర్జీ వచ్చినవారు ఒంటరిగా పనికి వెళ్లరాదు.
* అటువంటి వ్యక్తి ఉన్న ఇంట్లో అందరికీ, పక్క పొలం వారికీ ఆ విషయం తెలిసి ఉండాలి.

ఊరికి దగ్గరలోని ఏ ఆసుపత్రిలో రాత్రివేళ కూడా అడ్రినలిన్ ఇచ్చేవారున్నారో ముందుగానే వాకబు చేసి ఉంచుకోవడం ప్రతి కుటుంబానికీ శ్రేయస్కరం.