కొండల దేశం లెసూటూ

దక్షిణాఫ్రికా పటం చూస్తే దాని నడుమ ఓ చిల్లులాంటి గీత కనబడుతుంది. అది అచ్చుతప్పు కాదు, ఒక దేశం. పేరు లెసూటూ. చుట్టూరా దక్షిణాఫ్రికాయే; సముద్రం ఊసే లేదు. విస్తీర్ణం 30,355 చదరపు కిలోమీటర్లు, అంటే తెలంగాణలో నాలుగోవంతు కంటే కొంచెం ఎక్కువ. జనం ఇరవై లక్షల పైచిలుకు. ఆ దేశంలోకెల్లా పల్లపు చోటే సముద్రమట్టానికి 1,400 మీటర్ల ఎత్తున ఉంది. ఎండాకాలం చల్లదనానికి మనం వెళ్లే హార్సిలీ కొండలు కూడా అంత ఎత్తు లేవు.

సైన్సు చదివేవాడికి ఈ చరిత్రెందుకని మిత్రులు అడగవచ్చు. మాది వ్యవసాయ కుటుంబం. ఏ ఊరి మాటొచ్చినా మా నాన్న ముందు అడిగేది "అక్కడి నేల ఎట్లాంటిది, నీళ్లున్నాయా?" అని. లెసూటూ కథంతా ఆ రెండింటి చుట్టూనే తిరిగింది.

పంతొమ్మిదో శతాబ్దం తొలినాళ్లలో ఆ ప్రాంతాన్ని యుద్ధాలూ కరువూ కలిసి కుదిపేశాయి. ఊళ్లకు ఊళ్లే చెదిరిపోయాయి. అప్పుడు మొషూషూ అనే ఓ చిన్న నాయకుడు 1824లో తనవాళ్లను వెంటబెట్టుకుని తబా బొసీయు అనే కొండెక్కాడు. ఆ పేరుకు 'రాత్రి కొండ' అని అర్థం. చుట్టూ నిట్టనిలువు రాళ్లు, ఎక్కడానికి కొన్ని ఇరుకు దారులు, పైన మాత్రం బల్లపరుపు నేల, నీటి ఊటలు, పశువులకు మేత. చీకటి పడితే ఆ కొండ పెరుగుతుందని చెప్పుకునేవారట!

అయితే కొండే వాళ్లను కాపాడిందంటే నేనొప్పుకోను. ఆ ప్రయాణంలోనే మొషూషూ తాతను నరమాంస భక్షకులు పట్టి తినేశారట. తర్వాత వాళ్లు చిక్కితే, "మా తాతకు వీళ్ల కడుపే సమాధి, దాన్నెట్లా చెరుపుతాం?" అని వదిలేశాడట. ఇందులో కల్పన ఎంతోగాని, అతని అసలు తెలివి పశువుల విషయంలో కనబడుతుంది. ఏమీ లేకుండా వచ్చినవాళ్లకు ఆవుల్ని సాకమని ఇచ్చేవాడు. పాలు వాళ్లు తాగొచ్చు, దుక్కికి వాడుకోవచ్చు. పశువు మాత్రం రాజుదే. మన పల్లెల్లో పశువును పాలుకిచ్చే పద్ధతికి దగ్గరగా ఉంది గదూ! అలా పోగయిన జనమే బసూటూ జాతి.

ఇంతలో బోయర్లు వచ్చారు. వాళ్లక్కావలసింది కొండ కాదు, కాలిడన్ నది పడమటి వైపున్న పంటభూములు. 1865లో తబా బొసీయు మీద చేసిన దాడి విఫలమైంది. దాంతో పంటలు తగలబెట్టారు, మందల్ని తోలుకుపోయారు. దిక్కుతోచక మొషూషూ బ్రిటిష్ రక్షణ కోరాడు. 1868లో అది దొరికింది. కాని 1869లో సరిహద్దు గీసేసరికి ఆ పడమటి మాగాణం పరాయిదైపోయింది. మరుసటి ఏడే ఆయన కన్నుమూశాడు.

1966 అక్టోబరు 4న స్వాతంత్ర్యం వచ్చింది. నేల చాలక మగవాళ్లు తరతరాలుగా దక్షిణాఫ్రికా గనులకు పోయారు. 1980ల చివర అక్కడ లక్షమందికి పైగా బసూటూలు పనిచేసేవారు. సేద్యం, ఇల్లు ఆడవాళ్ల మీదే పడ్డాయి. ఆ ఆడవాళ్లే ఇంటి గోడల తడిమట్టి మీద వేళ్లతో గీతలు తీర్చుతారు, మన ముగ్గులు గోడెక్కినట్టు. చలికి ఉన్ని దుప్పటి కప్పుకుని గుర్రమెక్కి తిరగడం అక్కడివాళ్ల అలవాటు. గడ్డితో అల్లే మొనదేలిన టోపీని 2006లో జెండా మీదికే ఎక్కించారు.

ఇక నీళ్లు. అక్కడి కాట్సే ఆనకట్ట ఎత్తు 185 మీటర్లు. మన నాగార్జునసాగర్‌ది 124. కొండల్లో సొరంగాలు తొలిచి 1998 నుంచి ఆ నీటిని జోహన్నెస్‌బర్గ్ ప్రాంతానికి పంపుతున్నారు. ప్రభుత్వానికి రాబడి వస్తోంది, నిజమే. కాని జలాశయం కింద మునిగినవి లోయల్లోని పొలాలు, పచ్చిక బయళ్లు. కొండల దేశంలో పొలమంటే లోయే మరి! 2015 డిసెంబరులో అదే దేశం కరువు అత్యవసర పరిస్థితి ప్రకటించింది. వాళ్ల జాతీయ నినాదంలోని మూడు మాటలు శాంతి, వాన, సమృద్ధి.

ఇదంతా చెబితే మా నాన్న, "ఆ నీళ్లకు రేటు కట్టిందెవరురా?" అన్నాడు. వెతికి చూశాను. ఒప్పందం 1986 అక్టోబరులో జరిగింది. ఆ ఏడు జనవరిలో దక్షిణాఫ్రికా సరిహద్దులు దిగ్బంధించింది. ఆ నెలలోనే లెసూటూలో సైన్యం అధికారం లాక్కుంది. సంతకాలు చేసింది ఆ సైనిక ప్రభుత్వమూ, నల్లవారికి ఓటు లేని అప్పటి దక్షిణాఫ్రికా ప్రభుత్వమూ.