సొమ్మిచ్చి చదువు చెప్పిన గురువు

మన విశాఖపట్టణమున కూరగాయలమ్ముకొను నొక పిల్ల ముష్టియుద్ధమున జగద్విజేత యగు కథ 2017 వ సంవత్సరము మార్చి 31 వ తేదీన ‘గురు’ అను పేర చలనచిత్రమై వెలువడినది. దానిని తీసినది సుధ కొంగర యను స్త్రీ. వెంకటేశ్ శిక్షకుడు, రితికా సింగ్ నాయిక. 2016 లో తమిళ హిందీ భాషలందు వచ్చిన కథయే యిది. అచటను నాయిక రితికయే. ఆమె నటి గాకపూర్వమే కిక్ బాక్సింగు పోటీలలో మన దేశము పక్షమున దిగియుండెను గనుక, తెరమీద ఆమె బిగించిన పిడికిలి యెరువు పిడికిలివలె కనబడదు.

నాయిక పేరు రామేశ్వరి. అందరును ‘రాముడు’ అందురు. గురువు ఆదిత్య మహాకోపిష్ఠి, శిష్యురాలు అంతకంటె పెంకిది. వీరిరువురి కలహములలోనే చిత్రమునందలి హాస్యమంతయు నున్నది. ఏకలవ్యుని బొటనవ్రేలు గైకొన్న గురువును మనమెరుగుదుము. ఇచట గురువే శిష్యురాలికి సొమ్ము చెల్లించి అభ్యాసమునకు రప్పించుకొనవలసి వచ్చెను! చూచువారు పకపక నవ్వుదురు. కాని ఆ నవ్వు వెనుక నొక లెక్క గలదు. బుట్ట దింపి యొకపూట సాధన చేసినచో ఆ పూట బేరము పోవును. పేదయింటి పిల్లకు ఆ నష్టమును పూడ్చువారెవరు? ఆటలలో మన బాలికలు వెనుకబడిరని వగచు పెద్దలు ఈ పూటబత్తెపు సంగతి తలపెట్టగా నేనంతగా వినలేదు.

నన్ను మిక్కిలి కలచినది రాముడు గాదు, ఆమె యక్క లక్ష్మి. పోలీసు ఉద్యోగము వచ్చునను నాసతో ఏండ్లతరబడి సాధన చేసినది ఆమె. ఆట చూడవచ్చిన చెల్లెలిని గురువు ఎన్నుకొనెను. అసూయచేత అక్క చెల్లెలి చేతిని గాయపరచును. తప్పే, కాని ఇంట నొక్కరికే అవకాశము దక్కునపుడు రెండవ బిడ్డ మనస్సు ఏమగునో తల్లులకు తెలియనిదా? కథ ఆ యక్కను త్వరగా విడిచిపెట్టినది.

శిష్యురాలు గురువును వలచుట నాకు రుచింపలేదు. శిక్షకునిపై దుష్ప్రవర్తన నిందతో మొదలయిన కథకు అది మరింత తగదు. బాలికను సాధనకు పంపు తల్లి, అచట నొక స్త్రీ యుండునా, పొరుగూళ్లకు పోవునపుడు వెంట నెవరు పోవుదురు అని యడిగి తీరవలెను. అడుగుట అవమానము గాదు.

మా ఉక్కునగరమున నొక ముసలమ్మ మనుమరాలిని, “ముక్కు పగిలిన పెండ్లి యెట్లే?” అని యడిగెను. “మామ్మా, ముక్కు కాచుకొనుటయే మొదట నేర్పుదురు” అని పిల్ల యనెను. నిజమే, పిడికిళ్లు గడ్డమునకు చేర్చి నిలుచుటయు, పాదములు కదలించుటయు ముందు, దెబ్బ వేయుట తరువాత.

ఇది కట్టుకథల మాట మాత్రమే కాదు. ఈ విశాఖ యాడపడుచు నాగిశెట్టి ఉష 2008 లో చైనాదేశపు నింగ్బో నగరమున ప్రపంచపోటీలలో రజత పతకము గెలిచెను. 2020 లో ధ్యాన్‌చంద్ పురస్కారమందెను. పురుషులకు 1904 నుండియే ఒలింపిక్సులో ఈ యాట యుండగా, స్త్రీలకు 2012 లండను క్రీడలలో గాని చోటు దొరకలేదు. ఉష రజతము గెలిచిననాడు ఆమెకు ఆ ద్వారమే లేదు. నిజామాబాదు నిఖత్ జరీన్ 2022 లో ఇస్తాంబులునను, 2023 లో ఢిల్లీయందును జగద్విజేత యయ్యెను.

చిత్రమున రాముడి నోరు మిక్కిలి దురుసు. పసిపిల్లలను ప్రక్కన కూర్చుండబెట్టుకొనకుండుట మేలు. వెంకటేశ్ స్వయముగా పాడిన పాట మాత్రము వారికి వినిపింపవచ్చును.