కొట్టు కట్టేముందు కొలతలు

కోతలు అయిన నెలా రెండు నెలలకు చిన్న రైతులు మాతో అనే మాట యేటా ఒక్కటే. "పెట్టుకునే చోటు లేక కళ్లంలోనే అమ్మేశాం. తర్వాత ధర పెరిగింది. ఇప్పుడేం చెయ్యాలి?" మన యింట్లో చోటు లేకపోవడమే ధాన్యం వ్యాపారికి సగం పెట్టుబడి. అందుకే పెరట్లో చిన్న ధాన్యపు కొట్టు వేసుకోవాలనే ఆలోచన మంచిదే. కాని ముందు ఆలోచించకుండా పలుగూ పారా పట్టుకుంటే అప్పు మిగులుతుంది, గింజ పాడవుతుంది.

ఇది యెవరినో చూసి చెప్పే నీతి కాదు. చాలా యేళ్ళ కిందట మేమూ ఒక కొట్టు కట్టాము. పెరట్లో ఖాళీగా వున్న మూల చూసుకున్నాం. అది పల్లపు మూల, బావి దగ్గర వాడిన నీళ్ళన్నీ అటే పారేవి. "అడుగు యెత్తు చాల్లే" అన్నాడు మేస్త్రి. సరే అన్నాం. మార్గశిరంలో ముసురు పట్టింది. నాలుగో రోజు తలుపు తీస్తే అడుగు వరస బస్తాల్లో వడ్లు మొలకెత్తి వున్నాయి. పై వరసలు ఆవిరి పట్టి రంగు మారాయి. కౌలుకు చేసిన పంట అది. మక్తా మాత్రం తగ్గలేదు.

కాబట్టి మొదట లెక్క వేయాల్సింది పండినదాన్ని కాదు, మిగిలేదాన్ని. మక్తా కొలిచి, ఎరువుల బాకీ తీర్చాక తిండికీ, విత్తనానికీ, ఆగి అమ్ముకోవడానికీ యెన్ని బస్తాలు వుంటాయి? ముప్పై అనుకుందాం. 75 కిలోల బస్తాను పడుకోబెడితే సుమారు మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు చోటు పడుతుంది. ఆరు వరసల యెత్తున పేరిస్తే అయిదు దొంతరలు, అంటే 30 చదరపు అడుగులు. గోడకూ బస్తాకూ మధ్య అడుగున్నర ఖాళీ, మనిషి తిరిగే దారి కలిపితే 10 అడుగుల పొడవు, 8 అడుగుల వెడల్పు గది కావాలి. పునాది తీయకముందే నేలమీద ముగ్గుతో గీత గీసి, లోపల రెండు బస్తాలు పెట్టి చూడండి. కాగితం మీద తెలియనిది అక్కడ తెలుస్తుంది. రోజూ గింజలు తీసేదీ, చెరిగేదీ యింటి ఆడవాళ్ళే గదా. తలుపు యెటు వుండాలో, గడప యెంత యెత్తు వుండాలో వాళ్ళను అడగండి.

రెండోది చోటు. వాస్తు మూల చూసేముందు నేల వాలు చూడాలి. ఒక పెద్ద వాన కురిసినప్పుడు పెరట్లో నిలబడి నీళ్ళు యెటు పోతున్నాయో గమనిస్తే చాలు. మెరకన కట్టాలి. పేడకుప్పకూ, పశువుల పాకకూ దూరంగా వుండాలి. ఆ స్థలం కాగితం యెవరి పేరున వుందో కూడా ముందే తేల్చుకోవాలి. అన్నదమ్ముల ఉమ్మడి దొడ్లో మాట అనుకోకుండా గోడ లేపితే గింజల కంటే ముందు తగాదా నిండుతుంది.

మూడోది యెత్తు. అరుగు రెండున్నర నుంచి మూడడుగులు వుంటే చెమ్మా రాదు, ఎలుకా సులభంగా యెక్కదు. మెట్లు గోడకు అంటకుండా విడిగా వేయాలి. తలుపు అడుగున రేకు కొట్టాలి, కిటికీకి సన్న కన్నాల యినప వల బిగించాలి. బస్తాలను నేలమీద పెట్టకుండా కింద చెక్కలు పరవాలి.

ఇక కప్పు. తాటాకు చల్లగా వుంటుంది, కాని నిప్పు భయం, ఎలుకల భయం. యినప రేకు రాత్రి చల్లబడి లోపల చెమట పట్టి బస్తాల మీద కారుతుంది. రేకే వేస్తే కింద తడిక కట్టాలి. మా కోస్తా జిల్లాల్లో తుపానులూ, వరికోతలూ ఒకే కాలంలో వస్తాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటినప్పుడు వరి పనలు పొలాల్లోనే మునిగాయి. కాబట్టి వాసాలను గోడకు యినప పట్టీలతో బిగించాలి.

ఎంత మంచి కొట్టయినా పచ్చి గింజను కాపాడలేదు. కొనుగోలు కేంద్రాల్లో 17 శాతం తేమ వరకు తీసుకుంటారు, కాని నెలల తరబడి నిలవ వుంచాలంటే 13, 14 శాతానికి ఆరబెట్టాలి. 17 శాతం తేమ వున్న క్వింటాలు 13 శాతానికి ఆరితే 95 కిలోలు తూగుతుంది. ఆగి అమ్మేవాళ్ళు ఆ అయిదు కిలోలు కూడా లెక్కలో వేసుకోవాలి. పురుగుమందుల డబ్బాలు ధాన్యం కొట్టులో వద్దే వద్దు. వాటికి పిల్లల చేతికందని చోట, తాళం వేసిన పెట్టె వేరే వుండాలి. జనం పడుకునే గదిని ఆనుకొని వున్న కొట్టులో గ్యాసు బిళ్ళలు పెట్టకండి. ఆ గాలి ప్రాణం తీస్తుంది.

ఆఖరి లెక్క అన్నిటికంటే ముఖ్యం: డబ్బు యెవరిది? ధాన్యం వ్యాపారి దగ్గరే అప్పు తెచ్చి కొట్టు కడితే గోడలు మనవి, గింజలు ఆయనవి. పంట రాగానే ఆయన బండి మన గుమ్మంలో వుంటుంది. అంతకంటే యిద్దరు ముగ్గురు కలిసి ఒక కొట్టు వేసుకొని, బస్తాల మీద గుర్తులు రాసుకోవడం మేలు.

పెరడే లేని కౌలుదారు, కూలి మాటేమిటి? వాళ్ళ కోసం ప్రతి సహకార సంఘానికీ గిడ్డంగి కావాలని అడుగుదాం. 2007లో చేసిన గిడ్డంగుల చట్టం ప్రకారం, నమోదైన గిడ్డంగి యిచ్చే రశీదు మీద బ్యాంకులో అప్పు తెచ్చుకోవచ్చు. ఆ గిడ్డంగి దగ్గర్లో వుంటేనే ఆ రశీదుకు విలువ. పెరట్లో ముగ్గు గీత గీద్దాం, వూళ్ళో గిడ్డంగికి అర్జీ కూడా పెడదాం. రెండూ కోతలకు ముందే జరగాలి.